నాలుగో సీటు

వెంకటముని కారు ఒక్క తొక్కుకు ఆగదు. మొదటిసారి తొక్కితే బ్రేకు పెడలు మెత్తగా కిందికి పోయి నేలకు ఆనుకుంటుంది. రెండోసారికి తనకేదో పని చెప్పారని బండికి గుర్తొస్తుంది. మూడోసారికి, ఆ రోజు మనసు బాగుంటే, నిలుస్తుంది. అందుకని ముందు సీట్లో కూర్చునే మునిరత్నమ్మ కళ్లు ఎప్పుడూ రోడ్డు మీదే ఉండేవి. గుంత కనిపించినా, గొడ్డు కనిపించినా ఆమె అల్లంత దూరం నుంచే "మునీ, ఇంగ తొక్కుకో" అనేది. జీతం లేకుండా చేస్తున్న రెండో ఉద్యోగం ఇది అని తనే నవ్వేది.

కొత్తకండ్రిగ నుంచి శ్రీసిటీకి పొద్దుటి షిఫ్టుకు ఆ కారులో పోయే ఆడవాళ్లు నలుగురు. నలుగురిదీ ఒకే ఫ్యాక్టరీ. మునిరత్నమ్మది ఊడ్చి తుడిచే పని, శకుంతలమ్మది క్యాంటీన్ పని. కోమలి, ప్రసన్నకుమారి మాత్రం ఒకే లైనులో పక్కపక్కన కూర్చుని చార్జర్లకు తీగలు అతికేవాళ్లు. కంపెనీ బస్సు ఆ ఊరికి రాదు. తెలుగుగంగ కాలవ మీది పాత వంతెన దగ్గర బస్సు తిరగదని ఎప్పుడో ఎవరో వచ్చి చూసి రాసుకుపోయారు, అంతే.

వెంకటముని ఇండికాకు ఎఫ్‌సీ లేదు. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని రవాణా ఆఫీసువాళ్లు ఇచ్చే ఆ కాగితం లేకపోతే ఏ కంపెనీ కారును అద్దెకు పెట్టుకోదు. కాబట్టి అతనికి వీళ్లే దిక్కు. ఇంత తక్కువ బాడుగకు తెల్లారకముందే వచ్చే బండి ఇంకొకటి లేదు కాబట్టి వీళ్లకూ అతనే దిక్కు. పోలీసులు నిలబడే పెద్దరోడ్డు వదిలేసి, మామిడితోపుల మధ్య దారిన, గుంతలన్నీ లెక్క తప్పకుండా పలకరిస్తూ తీసుకుపోయేవాడు.

ఆ సోమవారం వంతెన దిగుతుంటే గొర్రెల మంద ఎదురొచ్చింది. మునిరత్నమ్మ చెప్పింది, వెంకటముని తొక్కాడు. మూడుసార్లు తొక్కాడు. నాలుగోసారి తొక్కేటప్పుడు అతని మోకాలు స్టీరింగుకు కొట్టుకుంది. గేరు దించి, చేతి బ్రేకు లాగి, ఇంకేమీ తోచక బండిని పక్కనున్న కంకర కుప్ప మీదికి ఎక్కించాడు. కంకర గలగలా జారింది. కారు ఒక పక్కకు ఒరిగి నిలిచింది. గొర్రెలు తమకేమీ పట్టనట్టు దానికి రెండు పక్కలా చీలి వెళ్లిపోయాయి.

ప్రసన్నకుమారికి ఐదో నెల. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, నోరు తెరిచి మెల్లగా ఊపిరి తీసుకుంటోంది. కోమలి ఆమె వీపు నిమిరింది.

"యాడన్నా తగిలిందా పాపా?"

"తగల్లేదక్కా. ఎగిరి పడినాను గదా, లోపల పట్టేసినట్టు ఉండాది. రవ్వంతసేపు ఉండు, పోతాది."

నొప్పి పోయింది. కానీ అందరూ దిగి కారును కంకర మీది నుంచి తోసి, మళ్లీ ఎక్కి, ఫ్యాక్టరీ చేరేసరికి షిఫ్టు మొదలైపోయింది. గేటు దగ్గర కార్డు పెడితే పంచ్ మిషను ఎర్రదీపం వెలిగించింది. లైను చూసే మేడమ్ చెడ్డమనిషి కాదు. కోమలినీ ప్రసన్ననూ పక్కకు పిలిచి నెమ్మదిగానే చెప్పింది.

"ఈ నెలాఖరుకు కాంట్రాక్టువాళ్లలో కొందరిని కంపెనీలోకి తీసుకుంటారు. మీ ఇద్దరి పనీ బాగుంది, మీ పేర్లు పంపాలనే ఉంది నాకు. కానీ ఈ నెలలో మూడు లేట్లు దాటితే నేనేమీ చెయ్యలేను. ఇది ఒకటి అయింది, చూసుకోండి."

కంపెనీలోకి. ఆ మాట కోసమే కోమలి రెండేళ్లుగా తలెత్తకుండా తీగలు అతుకుతోంది. ఆమె మొగుడు దయానంద్ మామిడితోపులకు మందు కొట్టే కూలికి పోతాడు. కాపు అయిపోతే కూలీ అయిపోతుంది, మిగతా ఆరు నెలలు మంచం మీద కూర్చుని ఫోను చూసుకుంటాడు. కాంట్రాక్టరు ఏ రోజైనా "రేపట్నుంచి రావద్దమ్మా" అనగలడు. కంపెనీ అంత సులభంగా అనలేదు. ఇంట్లో పొయ్యి వెలగడానికీ, వెలుగుతుందన్న నమ్మకానికీ ఉన్న తేడా అది.

*

ఆ సాయంత్రం మునిరత్నమ్మ ఇంటి ముందు అందరూ కూర్చున్నారు. వెంకటముని కూడా వచ్చి, అరుగు మీద చోటున్నా కూర్చోకుండా, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"కాణిపాకంలో ప్రమాణం జెయ్యమన్నా జేస్తానత్తా, నా తావ డబ్బులు లేవు. బ్రేకులకు దుడ్డు పెట్టేవాణ్ణయితే ఎప్పుడో పెట్టుండేవాణ్ణి. మిమ్మల్ని సంపల్లని నాకేమన్నా సరదానా."

"నువ్వు సంపితే సావడానికి మేమేమన్నా ఊరికే ఉండామా," అంది మునిరత్నమ్మ. "ఆటోకు పోదామంటే అది పదిమంది ఎక్కిందాకా కదల్దు. మళ్ల క్రాసురోడ్డులో దిగి ఇంకో ఆటో ఎక్కల్ల. రోజూ లేటే."

కోమలి చీరకొంగు అంచును వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, అప్పుడు చెప్పింది. ఊళ్లో ఆడవాళ్ల చీటీ నడిపేది మునిరత్నమ్మే. ఈ నెల చీటీ తాను పాడుకుంటుంది. వచ్చిన డబ్బుతో కారు బాగుచేయిస్తుంది. అది తీరేదాకా నలుగురూ వెంకటమునికి డీజిలు డబ్బులే ఇచ్చి, మిగతా బాడుగ కోమలి చీటీకి కడతారు. ఎవరికీ నష్టం లేదు.

ఇంత తేలికైన ఉపాయం ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అన్నట్టు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శకుంతలమ్మ మాత్రం "ముందే పాడుకుంటే మొత్తంలో కసరు తగ్గించి ఇస్తారు గదమ్మా, నష్టం నీకే" అంది. పోతే పోనీ అంది కోమలి.

"బ్రేకులొక్కటే గాదన్నా," అంది వెంకటముని వైపు తిరిగి. "కింద స్ప్రింగులు, షాకబ్జర్లు, ఆ కొట్టుకునే సామాన్లన్నీ సూపించు. గుంతలో పడితే పేగులు నోట్లోకి వస్తా ఉండాయి. ఈ పిల్ల ఇంగ నాలుగు నెలలు ఈ దావలోనే పోవల్ల గదా."

వెంకటముని నవ్వాడు. "దానికెందుకు సెల్లీ అంత సోకు. బ్రేకులు పడితే సాలు. ఎగరడం దాని గుణం."

మునిరత్నమ్మ కూడా బ్రేకులు చాలంది. ప్రసన్నను నడిమి సీట్లో కూర్చోబెట్టి ఇద్దరు రెండు పక్కలా పట్టుకుంటే సరిపోతుందని ఆమె లెక్క. ప్రసన్నకుమారి తనవల్ల ఖర్చు పెరుగుతోందని సిగ్గుపడి, "నాకేం గాదులే అక్కా" అని గొణిగింది. ఆమె అలా గొణిగినందుకే కోమలి పట్టు పెంచింది. చేస్తే అన్నీ చేయించాలి, లేదంటే చీటీ పాడనే పాడదు. చివరికి ఆమె మాటే నెగ్గింది. నెగ్గినందుకు ఆ రాత్రి ఆమెకు సంతోషంగా కూడా ఉంది.

*

సత్యవేడు రోడ్డులో జయరావు షెడ్డు. నాలుగు రేకులు, ఒక గుంత, గోడకు వేలాడే స్పానర్లు. జయరావు మాట తక్కువ మనిషి. కారును ముందుకూ వెనక్కూ ఒకసారి నడిపి దిగి, ముందు మూలను రెండు చేతులతో అదిమి వదిలాడు. కారు లేచి, దిగి, మళ్లీ లేచి, ఊగుతూనే ఉండిపోయింది.

"ఒకసారి లేసి నిలవల్ల. ఇది ఉయ్యాల ఊగుతా ఉండాది," అన్నాడు.

చక్రాలు ఊడదీశాడు. వెనక చక్రం లోపలి డ్రమ్ము తుప్పుపట్టి ఊడిరాలేదు. చుట్టూ సుత్తితో కొడుతూ, కాస్త నూనె పోస్తూ, మళ్లీ కొడుతూ చాలాసేపు కష్టపడ్డాడు. ఊడి వచ్చాక లోపల అంతా నల్లగా తడి. బ్రేకు నూనె కారి, చక్రాన్ని పట్టుకోవాల్సిన లైనర్ల మీదే పేరుకుని ఉంది. ముందు చక్రాల ప్యాడ్లు అరిగి అరిగి ఇనుము ఇనుమును గీస్తోంది. కింది ఆర్ముకూ ఫ్రేముకూ మధ్య ఉండే రబ్బరు బుష్షును కడ్డీతో ఎత్తి చూపిస్తే, అది బుష్షులా లేదు, నమిలి ఊసిన తమలపాకులా ఉంది. కోమలి వంగి ఒక్కొక్కటీ చూసింది. ఇన్నాళ్లూ వీటి మీద కూర్చుని నిద్రపోయామా అనిపించి ఆమెకు ఒళ్లు జలదరించింది.

"అన్నీ కొత్తవి ఏసేదానికి మీ చీటీ సాల్దు," అన్నాడు జయరావు. "బ్రేకు సామాన్లు మాత్రం కొత్తవే ఏస్తా, దాంట్లో పాతది పెట్టను. డిస్కులు లేతు మిషనులో నునుపు పట్టిస్తే సాలు. షాకబ్జర్లు పాతవి మంచివి దొరికితే తెచ్చుకోండి."

అందాకా నెమ్మదిగా తోలుకోమని చక్రాలు మళ్లీ బిగించి ఇచ్చాడు. పాతవాటికి సూళ్లూరుపేటలో ఒక అంగడి ఉంది. మద్రాసు నుంచి లోకల్ రైల్లో మూటలు కట్టి తెచ్చిన సామాను అక్కడ గుట్టగా పోసి ఉంటుంది. మర్నాడు షిఫ్టు దిగాక కోమలి, వెంకటముని అక్కడికి పోయారు. అంగడాయన అరవం కలిసిన తెలుగులో ప్రతిదాన్నీ "పుదుసు మాదిరి ఉండాదిమ్మా" అని, కొత్తదానిలాగే ఉందని పొగిడాడు. కోమలి అతని పొగడ్తలు వింటూనే, ఒక్కొక్క షాకబ్జరునూ సిమెంటు నేల మీద నిలబెట్టి, రెండు చేతులతో ఒంటి బరువంతా వేసి కడ్డీని లోపలికి అదిమింది. జయరావు చెప్పి పంపించినట్టు, ఎగిరి వచ్చేవి పక్కన పడేసింది. బద్ధకంగా, మెల్లగా పైకి వచ్చేవి ఏరింది. పనయ్యేసరికి అరచేతులు ఎర్రగా కందిపోయాయి. వెంకటముని మూట భుజానికెత్తుకుని, "ఇంట్లో మా ఆడమనిషి గూడా నా బండి గురించి ఇంత యాతన పడలేదు సెల్లీ" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. మనిషి చెడ్డవాడైతే ఈ కథ ఇంత దూరం చెప్పాల్సిన పనే లేదు.

ఆదివారం పొద్దంతా బిగింపులు. సాయంత్రానికి బ్రేకు గొట్టాల్లో గాలి తీసే పని మిగిలింది. దానికి ఇద్దరు కావాలి, ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర మర విప్పి గాలి వదలాలి. వెంకటముని టీ తేవడానికి పోయాడు. "నువ్వే ఎక్కమ్మా" అన్నాడు జయరావు. కోమలి చెప్పులు విడిచి, మొట్టమొదటిసారి స్టీరింగు ముందు కూర్చుంది.

"తొక్కు. ఇంగా. మళ్ల తొక్కు. పట్టుకో, వదలద్దు."

కింద సీసాలోకి ముంచిన సన్నటి గొట్టంలో నురగ బుడబుడమంది. ఆమె పాదం కింద పెడలు దిగజారింది. మళ్లీ తొక్కమన్నాడు. దూరపు చక్రం అయింది, దాని తర్వాతది, ఆ తర్వాతది. ఒక్కో చక్రానికీ పెడలు కొంచెం కొంచెం పైనే ఆగుతోంది. చివరికి తొక్కితే నేల తగల్లేదు, సగంలోనే గట్టిగా, పిడికిలి పట్టినట్టు నిలబడిపోయింది. కోమలి ఇంకోసారి తొక్కి చూసింది, ఎవరూ చెప్పకుండానే. తన జీవితంలో ఏదైనా ఇలా కాలికింద గట్టిగా నిలబడటం ఆమెకు తెలియదు. ఊరికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

జయరావు చేతులు తుడుచుకుంటూ, టీ తెచ్చిన వెంకటమునితో అన్నాడు: "ఇంగ ఎఫ్‌సీకి పో అప్పా. ఇప్పుడు గాకపోతే ఇంగెప్పుడు పాసయ్యేది."

వెంకటముని టీ గ్లాసు పట్టుకుని కారు వైపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఏడేళ్లుగా తన వాకిట్లో ఉన్న వస్తువును కొత్తగా చూస్తున్న చూపు అది. కోమలికి అప్పుడు అది మంచి చూపులాగే అనిపించింది.

సోమవారం తెల్లారి నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాలి. ఆ నాలుగూ మీరే పెట్టాలని వెంకటముని పట్టుబట్టాడు. "ఇది నా బండి గాదు, మన బండి," అన్నాడు. ప్రసన్నకుమారి కళ్లు మూసుకుని తన దేవుడికి ఒక మాట చెప్పుకుని, వంగలేక వంగి, తన నిమ్మకాయ తాను పెట్టింది. కారు కదిలింది, నాలుగూ చితికాయి.

*

ఆ వారం వాళ్లు రాణుల్లా పోయారు. తోపుల దారిలో గుంతలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కారు మాత్రం వాటిలో దిగి, ఒక్కసారి లేచి, గమ్మున ముందుకు పోయేది. ప్రసన్నకుమారి కోమలి భుజం మీద తల పెట్టి నిద్రపోయేది. మునిరత్నమ్మకు రోడ్డు చూసే పని తప్పింది. ఏం చెయ్యాలో తెలియక రెండు రోజులు కిటికీలోంచి ఊరికే చూసి, మూడోరోజు ఆమె కూడా కునుకు తీసింది. వారం మధ్యలో వెంకటముని ఒక పూట సెలవడిగి ఎఫ్‌సీకి పోయాడు. సాయంత్రం మిఠాయి పెట్టె తెచ్చి నలుగురికీ పంచాడు. ఇక పెద్దరోడ్డు మీదే పోవచ్చు, పోలీసు ఆపినా భయం లేదు. అందరూ తిన్నారు.

ఆదివారం పొద్దున మునిరత్నమ్మ ఇంటికి వచ్చినప్పుడు అతని చేతిలో మిఠాయి లేదు. రుమాల్లో చుట్టిన డబ్బు ఉంది. కోమలిని, మిగతావాళ్లను తనే పిలిపించాడు. ఈసారి అడక్కుండానే అరుగు మీద కూర్చుని, రుమాలు పక్కన పెట్టాడు.

"కోమలీ, నీ చీటీ దుడ్డు. కసరు పోయింది గూడా కలిపి పెట్టినా. ఎంచుకో."

"ఇప్పుడెవరు అడిగినారన్నా?"

అతను మెడ వెనక గోక్కున్నాడు. "సత్యవేడులో ట్రావెల్సాయన ఉండాడు గదా. ఎఫ్‌సీ సూసినాడు, బండి నడిపి సూసినాడు. మీ కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు సత్యవేడులో ఇల్లు తీసుకుని ఉండారు, వాళ్లను తోలల్ల. నెల నెలా ఖాయంగా ఇస్తాడు. అడ్వాన్సు ఇచ్చినాడు, అదే ఈ దుడ్డు. రేపట్నుంచి రమ్మన్నాడు."

"ఏ షిఫ్టుకు?" అంది శకుంతలమ్మ.

"మీ షిఫ్టే అక్కా."

మునిరత్నమ్మ లేచి, పక్కనున్న చెంబు తీసి, అందులో నీళ్లు లేవని చూసి మళ్లీ కింద పెట్టింది.

"మన బండి అంటివే మునీ."

"మన బండే అత్తా. కాదన్నానా. పిలకాయలు సదువుకుంటా ఉండారు. ఎన్నాళ్లని మీ దగ్గర డీజిలు దుడ్లకు తోలేది. నా తావున ఉంటే మీరేం జేస్తారు, సెప్పండి."

అదే కోమలికి భరించరానిది. అతను మోసం చేసి ఉంటే ఊరంతా వినేలా తిట్టవచ్చు, పంచాయితీ పెట్టించవచ్చు. డబ్బు తెచ్చి ముందు పెట్టాడు, నష్టం కూడా కలిపి పెట్టాడు. ఆ రుమాలు తీసుకున్న క్షణంలో ఆ కారుతో తమకున్న సంబంధం తెగిపోతుంది. తీసుకోకుండా ఉండే స్తోమత ఆమెకు లేదు. కందిన అరచేతులకు, లేచి నిలిచిన పెడలుకు, నాలుగు నిమ్మకాయలకు అతను ఏం కట్టివ్వగలడు, ఏమని అడగగలదు.

వెంకటముని పోయాక మునిరత్నమ్మ కోపమంతా వేరే దారి పట్టింది.

"బ్రేకులు జేయిస్తే సాలంటి. ఎగిరే బండిని ఏ ఇంజనీరు ఎక్కుతాడు? ఎగురుతా ఎగురుతా మనకే పడుండేది. నువ్వే గదమ్మా దాన్ని దొరలెక్కే మాదిరి మెత్తంగా జేయించింది."

"అక్కను అనద్దండత్తా," అంది ప్రసన్నకుమారి. "నా కోసమే గదా జేసింది."

కోమలి రుమాలు అందుకుని ముడి బిగించింది. మునిరత్నమ్మ మాట ఎంత చేదుదైనా అబద్ధం కాదు. ప్రసన్న మాట ఎంత మంచిదైనా ఆ పూట ఆమెకు దానిమీదే ఎక్కువ మంట పుట్టింది. ఈ పిల్ల కడుపు కోసం కాకపోతే తాను ఆ షాకబ్జర్ల జోలికే పోయేది కాదు కదా అనే ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడింది, కానీ ఆలోచన మాత్రం పోలేదు.

*

ఇక ఆటోలు. ఊరి ముందు ఆటోలు ఆగే ఆపు దగ్గర చీకట్లో నలుగురూ నిలబడేవాళ్లు. ఆటో వచ్చేది, పదిమంది నిండేదాకా ఇంజను ఆపేసి డ్రైవరు బీడీ కాల్చేవాడు. ప్రసన్నకుమారి అంచున కూర్చుని, పై కడ్డీ రెండు చేతులా పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా సీటు మీది నుంచి తానే కాస్త లేచేది. సోమవారం లేటు. మంగళవారం పరిగెత్తి అందుకున్నారు. బుధవారం క్రాసురోడ్డులో రెండో ఆటో దొరకలేదు, మళ్లీ లేటు. మేడమ్ మూడు వేళ్లు చూపించి పోయింది. నెలాఖరుకు ఇంకా వారం ఉంది.

ఆ రాత్రి కోమలి అన్నం ముందు కూర్చుని, మోటారు సైకిలు కొనడానికి ఎవరినైనా అప్పు అడగమని దయానంద్‌తో అంది. ఎవరిస్తారని అతను. ఎవరూ ఇవ్వరని ఆమెకూ తెలుసు.

గురువారం ఆపు దగ్గర ఆటో ఇంకా రాలేదు. సత్యవేడు వైపు నుంచి లైట్లు కనిపించాయి. వెంకటముని తెల్లకారు వచ్చి వాళ్ల ముందు, ఒక్క తొక్కుకు, కచ్చితంగా అనుకున్న చోట ఆగింది. రోజూ ఆగకుండా పోయేది ఆ రోజు ఆగింది. ముందు సీట్లో ఒక ఇంజనీరు, వెనక ఇద్దరు, ముగ్గురూ కళ్లద్దాలు, మెడలో కార్డులు. వెంకటముని అద్దం దించి, ఎవరి మొహమూ చూడకుండా, స్టీరింగు మీది దుమ్ము వేలితో తుడుస్తూ చెప్పాడు.

"ఒక సీటు ఖాళీ ఉండాది. సార్‌ను అడిగినా, సరే అన్నాడు. ఒకరు రాండి. రోజూ ఒకరిని తీసకపోతా, దుడ్డేం వద్దు."

ఒకరంటే ఎవరో ఎవరూ చెప్పుకోనక్కర్లేదు. మునిరత్నమ్మ ఒక అడుగు వెనక్కి వేసి చోటిచ్చింది. శకుంతలమ్మ "పో పాపా, పో" అంది. ప్రసన్నకుమారి మొహం ఒక్కసారి తేటపడింది. అన్నం సంచి కాళ్ల దగ్గర నేల మీద ఉంది. ఈ మధ్య ఆమె వంగాలంటే ముందు కాళ్లు ఎడంగా పెట్టుకోవాలి, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించాలి, అప్పుడు మెల్లగా కిందికి పోవాలి. అలాగే వంగుతోంది.

ఆ కాస్త సమయంలో కోమలి తలుపు తీసి కూర్చుంది.

తలుపు ఆమే వేసుకుంది. వెంకటముని అద్దంలోంచి ఒకసారి ఆమెను చూశాడు, బయట సంచి పట్టుకుని లేస్తున్న ప్రసన్నను చూశాడు, గేరు వేశాడు. వెనక సీట్లోని ఇంజనీరు మర్యాదగా తన బ్యాగు ఒళ్లోకి తీసుకుని కాస్త జరిగాడు. కారు కదిలింది. ఆపు దగ్గర నుంచి ఎవరూ పిలవలేదు. ఎవరైనా ఒక తిట్టు తిట్టి ఉంటే బాగుండేదని కోమలి తర్వాత చాలాసార్లు అనుకుంది.

దారంతా ఆమె తనలో తాను వాదించుకుంది. ఆ పిల్ల ఎలాగూ నాలుగు నెలల్లో కాన్పుకు పోతుంది, కడుపుతో ఉన్నదాన్ని కంపెనీ తీసుకుంటుందా ఏమన్నా. దానికి మొగుడు సంపాదిస్తాడు. చీటీ పాడింది తాను. షాకబ్జర్లు ఏరింది తాను. పెడలు తొక్కింది తాను. ఈ కారులో ఎవరికైనా ఒక సీటు హక్కుందంటే అది తనకే ఉంది. అన్నీ నిజాలే. ఒక్కటీ ఆమెకు ఊరట ఇవ్వలేదు. గేటు దగ్గర కార్డు పెడితే పచ్చదీపం వెలిగింది.

ప్రసన్నకుమారి వచ్చేసరికి లైను నడుస్తోంది. నుదుటి నుంచి మెడదాకా చెమట. మేడమ్ ఆమెను తన బల్ల దగ్గరకు పిలిచి ఏదో చెప్పింది. ప్రసన్న తలూపింది, మళ్లీ తలూపింది, వచ్చి తన స్టూలు మీద కోమలి పక్కనే కూర్చుంది. చేతికి తొడుగు వేసుకుని తీగ అందుకుంది. పక్కకు చూడటానికి కోమలికి ధైర్యం చాలలేదు.

టీ గంట మోగాక ప్రసన్నే మాట్లాడింది. ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో, అలవాటుగా అడిగినట్టే అడిగింది.

"కార్లో నడుము నొయ్యకుండా వచ్చినావా అక్కా?"

"ఆఁ," అంది కోమలి.

"మంచిది," అని ప్రసన్నకుమారి తన టీ తాను తాగింది. తిరిగి వస్తూ నలుగురూ ఎప్పటిలాగే ఒకే ఆటో ఎక్కారు. మునిరత్నమ్మ డ్రైవరు పక్కన కూర్చుని ఊరొచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

రోజూ ఒకరిని అన్నాడు వెంకటముని. రేపు సీటు ప్రసన్నదేనని ఎవరైనా చెప్పగలరు. కోమలి ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని ఆ సంగతే ఆలోచించింది. తనకు మూడు లేట్లు ఉన్నాయి, నాలుగోది లేదు. ప్రసన్నకు ఇక ఎన్ని ఉన్నా ఒకటే. నెలాఖరు ఇంకా రాలేదు.

శుక్రవారం తెల్లారకముందే ఆమె ఇల్లు కదిలింది. ఆపు దగ్గర అప్పటికే ముగ్గురి ఆకారాలు చీకట్లో కనిపిస్తున్నాయి. ఆమె అటు పోలేదు. ఇళ్ల వెనక సందులోంచి, తోపు కంచె వెంట, సత్యవేడు వైపు నడిచి, కారు ఊళ్లోకి తిరగకముందే వచ్చే మొదటి మలుపు దగ్గర, తాను ఒక్కతే చెయ్యెత్తితే కనిపించేటట్టు, రోడ్డు అంచున నిలబడింది.